వేళాంగణిలో మేం ఉయ్యాల కొనలేదు

ఆటో దిగీ దిగకముందే ఒక కుర్రాడు నా చేతిలో ఉయ్యాల పెట్టేశాడు. జానెడు కొయ్య ఉయ్యాల, పిల్లలు కావాలని మొక్కుకునేవాళ్ళు మాతకిచ్చేది, పసుపు దారం చుట్టి ఉంది. "బిడ్డ కోసమేగా అక్కా, నూట యాభై" అన్నాడు వచ్చీ రాని తెలుగులో. మా ఆయన దాన్ని తీసి అతనికే ఇచ్చేశాడు. అత్తయ్య మాత్రం ఆ ఉయ్యాలని తాకి కళ్ళకద్దుకుంది. మేం ముగ్గురం ఒకే ఊరికి వచ్చినా ఒకే పని మీద రాలేదని నాకప్పుడే అర్థమైంది.

మాకు ఫిబ్రవరిలో, ఎనిమిదో నెలలో, పాప చనిపోయి పుట్టింది. ఆస్పత్రి కాగితంలో "ఐయూడీ", అంటే కడుపులోనే మరణం, అని రాశారు, అంతే. ఆ సాయంత్రమే మా ఆయనా, మా మరిదీ తీసుకెళ్ళి ఊరి సమాధుల దొడ్డిలో ప్రహరీ పక్కన పూడ్చిపెట్టి వచ్చారు. చర్చి గంట మోగలేదు. ఫాదర్ గారికి కబురు చేస్తానంటే అత్తయ్య వద్దంది. "జ్ఞానస్నానం కాని బిడ్డ కదమ్మా, ఏమనుకుంటారో" అంది. జ్ఞానస్నానమంటే బాప్తిస్మం. తర్వాత ఐదు నెలలూ ఇంట్లో ఎవరూ పాప మాట ఎత్తలేదు. మళ్ళీ కడుపు పండాలని అత్తయ్య ఆరోగ్యమాతకు, అంటే వేళాంగణి మరియమాతకు, మొక్కుకుంది. నేను కోరుకున్నది ఒక్కటే, నా కూతురి పేరు మీద ఒక పూజ, ఫాదర్ గారు చర్చిలో చేసే దివ్యబలి.

తెనాలి నుంచి చెన్నై, ఎగ్మూరులో రాత్రి బండి, తెల్లారేసరికి నాగపట్నం. అక్కణ్ణుంచి పన్నెండు కిలోమీటర్లకి ఆటో 400. ప్రయాణం గురించి చెప్పడానికి ఇంకేం లేదు.

లాడ్జి గురించి మాత్రం చెప్పాలి. ఫోనులో 1,400 అన్న గది కౌంటర్ దగ్గరికొచ్చేసరికి 1,900 అయింది. జూలై నెలలో "సీజన్ రేటు" ఏమిటని మా ఆయన అడిగితే, "శనివారం సార్" అన్నాడు మేనేజరు. ఆ రోజు శుక్రవారం. అడ్వాన్సు 1,000 కట్టించుకుని మూడో అంతస్తులో గదిచ్చాడు. కిటికీ తెరిస్తే జనరేటరు పొగ, మూస్తే బాత్రూము కంపు. తెల్లవారుజామున కుళాయిలో నీళ్ళు లేవు, బకెట్ వేడినీళ్ళకి 40. ఇవన్నీ భరించాను. రాత్రి ఎనిమిదింటికి తలుపు కొట్టి పళ్ళెం తెచ్చాడు చూడండి, అది భరించలేకపోయాను. పళ్ళెంలో ఉయ్యాల, కొబ్బరికాయ, మూరెడు కొవ్వొత్తి, వెండి రేకు మీద పసిబిడ్డ బొమ్మ, మొత్తం 650. "మా గదిలో దిగిన జంటలు ఏడాది తిరక్కుండా పిల్లలతో వస్తారు మేడమ్" అన్నాడు. నేను తలుపు వేసేశాను. పొద్దున ఖాళీ చేస్తుంటే అడ్వాన్సులో 300 "క్లీనింగ్" అని పట్టుకున్నాడు.

ఇది చదివేవాళ్ళు దయచేసి బస్టాండు చుట్టుపక్కల ఫోను మాటల్ని నమ్మి గది తీసుకోకండి. మందిరంవాళ్ళ సొంత వసతి గృహాలున్నాయి, ముందు అక్కడే అడగండి. మర్నాడు మాకు అక్కడే దొరికింది. మంచం గట్టిగా ఉంది, దుప్పటి ఉతికినది, అద్దె లాడ్జికి కట్టినదాంట్లో సగం కూడా కాలేదు. తాళం చేతికిచ్చిన ముసలాయన "ఎందుకొచ్చారు" అని అడగలేదు. ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడగని మొదటి మనిషి ఆయనే.

శనివారం పొద్దున మాతకుళానికి, అంటే మాత కనబడిన కొలను దగ్గరికి, వెళ్ళాం. బసిలికాకీ, అంటే అక్కడి పెద్ద చర్చికీ, మాతకుళానికీ మధ్య ఇసక బాట ఉంటుంది. అత్తయ్యకి అరవై మూడేళ్ళు, మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. అయినా జపమాల పట్టుకుని మోకాళ్ళ మీదే బయల్దేరింది. మా ఆయన వద్దనీ అనలేక, చూడనూ లేక తల్లి పక్కనే గొడుగు పట్టుకుని నడిచాడు.

మాతకుళం కథ మా ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఒక పిల్లవాడు పాలకుండతో వెళ్తూ కొలను పక్కన మర్రిచెట్టు కింద నిద్రపోతే, చంకలో బిడ్డతో ఒక తల్లి కనబడి నా బిడ్డకు పాలు పొయ్యమంది. అతను పోశాడు. కొరత పడ్డ కుండ, ఇవ్వాల్సిన ఇంటికి చేరేసరికి పొంగిపొర్లింది. రెండో దర్శనం మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాడిది, అక్కడా ఆమె అడిగింది బిడ్డ కోసమే. చిన్నప్పటి నుంచి వింటున్న కథే అయినా ఆ రోజు అక్కడ నిలబడి విన్నట్టు ఎప్పుడూ వినలేదు. పాప పోయిన మూడో రోజున నాకు పాలు పడ్డాయి. తాగే నోరు లేదు. రవిక తడిసిపోతుంటే గుడ్డ బిగించి కట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. పాలు ఎండగట్టడానికి మాత్ర ఉంటుందని ఆస్పత్రిలో చెప్పినవాళ్ళు లేరు. దేవుని తల్లి కూడా ఒకనాడు బిడ్డకి పాలు లేక దారిన పోయేవాణ్ణి అడిగిందన్న మాట నన్ను అక్కడే కూలబెట్టింది. చాలాసేపు ఏడ్చాను. పక్కన ఎవరో తమిళామె, నుదుటిన విభూతి ఉంది, తన సీసాలోని బావి నీళ్ళు నా తలమీద చల్లి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది.

ఇక పూజ చీటీ. కౌంటర్లో అబ్బాయి, కృతజ్ఞతకా, కోరికకా, చనిపోయినవాళ్ళకా అని అడిగాడు. చనిపోయినవాళ్ళకన్నాను. పేరు చెప్పాను, రాసుకున్నాడు. వయసు అడిగాడు. నాకు నోరు పెగల్లేదు. వెనక లైను పెరిగిపోతోంది. అతను విసుక్కోలేదు, లోపలికెళ్ళి తెలుగు తెలిసిన ఫాదర్ గారిని పిలుచుకొచ్చాడు. ఆయన నన్ను వరండాలో కూర్చోబెట్టి అడిగిన మొదటి మాట, "జ్ఞానస్నానం ఇప్పించాలనే అనుకున్నారు కదమ్మా?" ఐదో నెల నుంచీ ఆ పేరుతోనే పిలుచుకున్నాం ఫాదర్ అన్నాను.

ఆయన చెప్పిన మాటలు మా ఊళ్ళో చాలామందికి తెలియవు కాబట్టి రాస్తున్నాను. జ్ఞానస్నానం లేకుండా పోయిన పసివాళ్ళు స్వర్గానికి బయట లింబో అనే చోట ఉంటారన్నది శ్రీసభ, అంటే మా కథోలిక సంఘం, ఎప్పుడూ విశ్వాస సత్యంగా ప్రకటించలేదు. శ్రీసభ బోధల పుస్తకమైన సత్యోపదేశ గ్రంథం 1261వ అంశం ఆ బిడ్డల్ని దేవుని కనికరానికి అప్పగించి, వాళ్ళ రక్షణ కోసం ఆశపడమంటుంది. చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండన్న క్రీస్తు మాటనే అక్కడ ఆధారంగా చూపించారు. 2007లో రోములోని అంతర్జాతీయ వేదాంత సంఘం కూడా ఆశ పెట్టుకోవడానికి బలమైన కారణాలే ఉన్నాయని చెప్పింది. జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్న తల్లిదండ్రుల బిడ్డ ముందే పోతే, మేత్రాణుల (బిషప్ గారి) అనుమతితో శ్రీసభ అంత్యక్రియలు జరిపించవచ్చని శ్రీసభ చట్టంలోనే ఉంది.

నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. కడుపున పడ్డ క్షణం నుంచి ప్రాణం పవిత్రమని మనం నేర్చుకున్నాం. 1995లో రెండో జాన్ పాల్ పోపు గారు ప్రాణం గురించి విశ్వాసులందరికీ రాసిన విశ్వలేఖను మార్చి 25న, మరియమ్మకు దేవదూత గర్భవార్త చెప్పిన మంగళవార్త పండుగ నాడే విడుదల చేశారు. గర్భస్రావాల మీద ప్రసంగాలు విన్నాను, ఊరేగింపుల్లో నడిచాను. ఆ మాట నిజమైతే, నేను నిజమనే నమ్ముతాను, నా కూతురికి ఒక గంట మోగాలి, ఒక శిలువ నిలబడాలి. ప్రాణం పవిత్రమన్నప్పుడు గోడ పక్కన పూడ్చిన బిడ్డ కూడా అందులో ఉండాలి కదా. మమ్మల్ని ఎవరూ అడ్డుకోలేదు. మేమే అడగలేదు, అడగొచ్చని మాకు చెప్పినవాళ్ళూ లేరు.

ఆదివారం తెలుగు పూజలో ఆ పేరు చదివారు. వయసు చదవలేదు. అత్తయ్య చటుక్కున నా వైపు తిరిగింది. మేం పేరు పెట్టుకున్నామని ఆమెకు అప్పటిదాకా తెలియదు. అది ఆమె తల్లి పేరు. మా ఆయన ఫిబ్రవరి నుంచి ఏడవలేదు. ఆ రోజు సత్ప్రసాదం తీసుకుని వచ్చి బల్ల మీద తల పెట్టాడు, పూజ అయిపోయాక కూడా ఎత్తలేదు.

సాయంత్రం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం, ఈ ఒడ్డునే సునామీ వందల మంది యాత్రికుల్ని తీసుకుపోయింది. నీళ్ళు బసిలికాలోకి రాలేదు. అది అద్భుతమని దారిపొడుగునా చెప్తారు. కాదనను. కానీ స్మారకం దగ్గర నిలబడినప్పుడు, లోపల ఉన్నవాళ్ళని మాత కాపాడింది అని ఊరుకోలేకపోయాను. ఒడ్డున పోయినవాళ్ళూ ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళే. ఆమె కొడుకు శిలువ మీద పోతుంటే కింద నిలబడి చూసిన తల్లి. వాళ్ళనీ ఆమె వదల్లేదనే నా నమ్మకం, నా పాపనీ వదల్లేదు.

ఒడ్డున వేయించిన చేప ముక్క 80, తాజాగా ఉంది, కారం ఎక్కువ. అత్తయ్య తినిపించి మరీ రెండో ముక్క కొనిచ్చింది. ఎవరైనా మాలాంటి దుఃఖంతో వెళ్తుంటే ఆగస్టు 29న పండుగ జెండా ఎత్తినప్పటి నుంచి సెప్టెంబరు 8 మాత పండుగ దాకా వెళ్ళకండి. ఆ జనంలో ఏడవడానికి కూడా చోటుండదు. తెలుగు పూజ వేళ ముందే కనుక్కోండి. ఉయ్యాలలు వద్దనుకుంటే చేతులు వెనక్కి కట్టుకుని నడవండి, చేతిలో పెట్టాక తిరిగివ్వడం చాలా కష్టం.

తిరుగు రైల్లో మా ఆయన పై బెర్తు ఎక్కబోతుంటే అత్తయ్య చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒరేయ్, నవంబరు రెండు సమాధుల పండక్కి నెలల వ్యవధి ఉంది కదా. ఆ గోడ పక్కన చిన్న శిలువ కట్టించి సున్నం వేయించు. పేరు మా అమ్మది ఎలా రాస్తారో నేను చెప్తాను, తప్పు పోకూడదు."