ఏరోస్పేస్ కెరీర్ కౌన్సెలింగ్‌కి రూ.5,900 కట్టాం, ఐదుకి రెండు స్టార్లు

సెంటర్ పేరు రాయను. గొడవ పెట్టుకునే ఓపిక లేదు, పైగా ఇలాంటివి హైదరాబాద్‌లో గల్లీకొకటి ఉన్నాయి. మెట్రో స్టేషన్ పక్కన, మూడో అంతస్తు, లిఫ్ట్ ఉంది కానీ పనిచేయదు. ఫీజు ఐదు వేలు, జీఎస్టీతో రూ.5,900, ముందే కట్టాలి.

మా అక్క కొడుకు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. వాడికి రాకెట్లంటే పిచ్చి. శ్రీహరికోటలో ప్రయోగం ఉందంటే తెల్లవారుజామున నాలుగింటికైనా లేచి ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు, అదే కెమిస్ట్రీ చదువుకోవడానికి లేపితే దుప్పటి ముసుగు తీయడు. "నువ్వూ ఆ చదువే చదివావు కదా, తోడు రా" అన్నారు బావగారు. నిజమే, నేను చదివింది ఏరోనాటికల్. నగరం చివర ఒక ప్రైవేటు కాలేజీలో 2014లో బీటెక్ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం బ్యాంకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. విమానం భాగాల మీద పనిచేసే ఉద్యోగంలోకి రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, అదీ రాత్రిళ్ళు కూర్చుని సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే. అంటే నేను మూడంతస్తులూ అనుమానంతోనే ఎక్కాను, ఈ రివ్యూ చదివేటప్పుడు అది కొంచెం లెక్కలో ఉంచుకోండి.

మొదట ట్యాబ్ ఇచ్చి అరవై ప్రశ్నల టెస్ట్ పెట్టారు. "ఎగిరే పక్షిని చూస్తే మీకేమనిపిస్తుంది?" అని ఒక ప్రశ్న, కింద నాలుగు ఆప్షన్లు. పావుగంటలో రిజల్ట్ వచ్చింది, ఏరోస్పేస్‌కి 92 శాతం సరిపోతాడట! లోపలికి వెళ్ళేటప్పుడు నింపిన ఫారంలో ఆసక్తి అన్నచోట వాడే "రాకెట్లు" అని రాశాడు లెండి.

తర్వాత అసలు కౌన్సెలర్ గది. గోడ మీద రెండు ఫోటోలు, ఒకటి అంతరిక్షం దాకా వెళ్ళివచ్చిన శిరీష బండ్లది, ఇంకొకటి స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ రాకెట్‌ది. "మన తెలుగువాళ్ళు సార్, మన హైదరాబాద్ కంపెనీ, మన బాబు కూడా రేపు అక్కడే" అని మొదలుపెట్టాడు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. శిరీష గుంటూరు జిల్లాలో పుట్టినా పెరిగింది అమెరికాలో, చదివింది అక్కడి పర్డ్యూ యూనివర్సిటీలో. ఇక విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న ఎగిరింది, మన దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ తయారుచేసి ఎగరేసిన మొదటి రాకెట్ అదే, అంతవరకు కరెక్టే. కానీ ఆ కంపెనీ పెట్టిన ఇద్దరూ ఇస్రోలో పనిచేసి వచ్చినవాళ్ళు, పవన్ కుమార్ చందన చదివింది ఖరగ్‌పూర్ ఐఐటీలో మెకానికల్, నాగ భరత్ డాక చదివింది మద్రాస్ ఐఐటీలో ఎలక్ట్రికల్. "మరి వాళ్ళు ఏరోస్పేస్ చదవలేదు కదండీ?" అంటే ఆయన మంచినీళ్ళు తాగాడు.

ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం ఇదే. ఏరోస్పేస్ రంగం వేరు, ఏరోస్పేస్ అనే బీటెక్ బ్రాంచి వేరు. ఈ రెండూ ఒకటేనని నమ్మిస్తే తప్ప ఇలాంటి సెంటర్లకు గిరాకీ ఉండదు. ఆదిభట్లలో టాటా-బోయింగ్ ప్లాంటులో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి, ఆ పక్కనే సీ-130జే సైనిక రవాణా విమానాల తోక భాగాలు తయారవుతాయి. ఇలాంటి ఫ్యాక్టరీల్లో ఎక్కువగా కావలసింది మెషీనింగ్, క్వాలిటీ, టూలింగ్ తెలిసినవాళ్ళు, అంటే మెకానికల్ వాళ్ళు, డిప్లొమా వాళ్ళు, ఐటీఐ వాళ్ళు. ఇస్రోనే తీసుకోండి. సైంటిస్ట్/ఇంజినీర్ 'ఎస్‌సీ' (ఇది రిజర్వేషన్ కాదు, గ్రేడు పేరు) పోస్టులకి వచ్చే నోటిఫికేషన్లలో ఎప్పుడూ కనిపించే బ్రాంచీలు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్. 65 శాతం గానీ 6.84 సీజీపీఏ గానీ ఉండాలి. ఏరోనాటికల్ చదివి ఆ నోటిఫికేషన్ చూసి, అందులో నా బ్రాంచి కోసం పైనుంచి కిందికి మూడుసార్లు వెతుక్కున్న రోజు నాకింకా గుర్తుంది.

అలాగని ఆ బ్రాంచి చెత్త అనడం లేదు. బొంబాయి, కాన్పూర్, మద్రాస్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో వస్తే కళ్ళు మూసుకుని చేరండి. కాన్పూర్‌లో అయితే క్యాంపస్‌లోనే సొంత రన్‌వే, విమానాలు ఉన్నాయి, వేరే కాలేజీల పిల్లలు కూడా అక్కడికి వెళ్ళి గాల్లో ల్యాబ్ చేసి వస్తుంటారు. తిరువనంతపురంలో ఐఐఎస్‌టీ అని అంతరిక్ష చదువుల సంస్థ ఉంది, 2007లో అంతరిక్ష శాఖ పెట్టింది. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకే చూస్తారు గానీ దరఖాస్తు వేరే, ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లు ఇచ్చే జోసా కౌన్సెలింగ్‌లో ఆ పేరు కనపడదు. ఏటా ఎంతమంది ఈ ఒక్క ముక్క తెలియక వదిలేస్తారో. అక్కడ మంచి సీజీపీఏ తెచ్చుకుని, ఖాళీలు కూడా ఉంటే నేరుగా ఇస్రోలోకే తీసుకుంటారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోలో సైంటిస్ట్ 'బి' పోస్టులకైతే గేట్‌లో ఏరోస్పేస్ పేపర్ రాసినవాళ్ళకీ చోటుంది, పోస్టులు మాత్రం తక్కువ.

మా కౌన్సెలర్ వీటిలో ఒక్కటీ చెప్పలేదు. ఆయన చెప్పింది ఒకటే కాలేజీ, వేరే రాష్ట్రంలో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీ, "ఇవాళే అప్లై చేస్తే అప్లికేషన్ ఫీజు మాఫీ సార్." అప్పుడర్థమైంది, అసలు రాబడి ఆ యూనివర్సిటీ వైపు నుంచేమో, మా 5,900 ఆయనకి పైఖర్చులకేనని.

అంతకన్నా ఘోరం ఇంకోటి. "ఏఎంఈ చేసినా ఇదే సార్, రెండూ ఒకటే" అన్నాడు. అస్సలు కాదు! ఏఎంఈ అంటే విమానాల మెయింటెనెన్స్, విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ తీసుకుని, పరీక్షలు రాసి, పని అనుభవం చూపించి లైసెన్స్ తెచ్చుకోవాలి, బీ1 అంటే బాడీ, ఇంజిన్ వైపు, బీ2 అంటే ఎలక్ట్రానిక్స్ వైపు. ఆ లైసెన్స్ ఉన్నవాడు సంతకం పెడితేనే రిపేరు అయిన విమానం మళ్ళీ ఎగురుతుంది. నాలాంటి బీటెక్ వాడు ఎన్ని లెక్కలు కట్టినా ఆ సంతకం పెట్టలేడు. చేతుల్తో పని చేయడం ఇష్టమున్నవాడికి అది మంచి దారి, కానీ వేరే దారి. ఈ తేడా తెలియని మనిషి కెరీర్ చెప్పడానికి కూర్చుంటే ఎలాగండీ?

బావగారు మధ్యలో అమెరికా సంగతి అడిగారు, మనవాళ్ళు అడగకుండా ఉండరు కదా. "ఎంఎస్ చేస్తే నాసానే సార్" అన్నాడు. రక్షణ, రాకెట్ టెక్నాలజీకి అక్కడ ఐటార్ అని ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి, వాటివల్ల చాలా కంపెనీలు ఆ ఉద్యోగాలు పౌరులకో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకో తప్ప ఇవ్వవు. ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్ళి ఏరోస్పేస్‌లో ఎంఎస్ చేసి చివరికి కార్ల కంపెనీలోనో సాఫ్ట్‌వేర్‌లోనో తేలినవాళ్ళు నా బ్యాచ్‌లోనే ముగ్గురున్నారు. అప్పు తీసుకునే ముందు తెలియాల్సిన విషయం ఇది.

ఇక రెండు స్టార్లు ఎందుకంటారా, పక్క గదిలో ఒక మేడమ్ ఉన్నారు, ఎంటెక్ చేసి అక్కడ ఫిజిక్స్ డౌట్లు చూస్తారట. టీ వచ్చేలోపు మావాడిని పిలిచి "విమానం రెక్క ఎలా లేస్తుంది?" అని అడిగారు. వాడు టకటకా చెప్పేశాడు, రెక్క పైభాగం పొడవెక్కువ కాబట్టి పైన వెళ్ళే గాలి కింది గాలిని అందుకోవడానికి తొందరగా పోతుంది, అందుకని పైన ప్రెషర్ తగ్గుతుంది అని. ఆవిడ నవ్వి, "పైగాలి, కిందిగాలి చివర్లో కలుసుకోవాలని ఎవరు చెప్పారు వాటికి?" అన్నారు. వాడు నోరు తెరిచాడు. "నిజానికి పైగాలే ముందు వెళ్ళిపోతుంది, కలుసుకోవు. నువ్వు చెప్పిందే నిజమైతే మరి విమానం తలకిందులుగా ఎలా ఎగురుతుంది?" అని ఒక తెల్లకాగితం, పెన్సిల్ చేతిలో పెట్టారు. ఇరవై నిమిషాలు వాడు ఫోన్ ముట్టలేదు. గాలిని రెక్క కిందికి మళ్ళిస్తుందన్న దగ్గరికి వాడంతట వాడే వచ్చాడు, రెండు బొమ్మలు తప్పు గీసి మూడోది సరిగ్గా గీశాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఈ చదువు వాడికి నప్పుతుందో లేదో నాకు ఆ ఇరవై నిమిషాల్లో తెలిసింది, 92 శాతం చూసి కాదు.

వారం తర్వాత రిపోర్ట్ వచ్చింది, స్పైరల్ బైండింగ్, 24 పేజీలు. పదకొండో పేజీలో "ఈ విద్యార్థినికి మెడిసిన్‌పై ఆసక్తి" అని ఉంది. ఫోన్ చేస్తే సారీ చెప్పి మళ్ళీ పంపారు, ఈసారి మావాడి ఇంటిపేరు తప్పు.

చివరికి మేమే కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నాం. అడ్వాన్స్‌డ్‌లో ఆ ర్యాంకు రాలేదు, కాబట్టి ముందు వరసలో మంచి కాలేజీల్లో మెకానికల్, ఈసీఈ, ఆ తర్వాతే ఏరోనాటికల్. "మరి రాకెట్లు మావయ్యా?" అన్నాడు. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ వాళ్ళ ఏరోడైనమిక్స్, ప్రొపల్షన్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి, సెలవుల్లో ఒకటి మొదలుపెట్టమన్నా, కాలేజీలో ఎస్‌ఏఈ ఏరో డిజైన్ (చిన్న విమానాలు తయారుచేసి పోటీపడే) టీమ్ ఉందో లేదో చేరకముందే సీనియర్లని అడగమన్నా. మొదటి పాఠం రెండుసార్లు చూశాడట, సగం అర్థం కాలేదన్నాడు. నాకూ మొదటిసారి అంతే.

మీరు వెళ్ళాలనే అనుకుంటే ఆ ఫిజిక్స్ మేడమ్ ఉన్న రోజు కనుక్కుని వెళ్ళండి, శనివారం రారట. బండి మెట్రో పార్కింగ్‌లో పెట్టుకోండి, కింద సెల్లార్‌లో పెడితే వాచ్‌మన్ గాలి తీసేస్తున్నాడు.