కాట్లిన్ నల్ సేఫ్టీ: నాలుగేళ్లు వాడాక

జావా కోడ్ రివ్యూ చేసే రోజుల్లో నేను రాసే కామెంట్లలో సగం ఒకటే ప్రశ్న: "ఇది నల్ అయితే?" నల్ అంటే విలువే లేని ఖాళీ; దాన్ని విలువ అనుకుని వాడబోతే ప్రోగ్రామ్ పడిపోతుంది. కాట్లిన్ భాషకి మారాక, ఆ ప్రశ్న మన కోడ్‌ని అనువదించే కంపైలరే అడుగుతోంది. టైపు చివర ప్రశ్నార్థకం లేకపోతే అందులో నల్ పెట్టనివ్వదు. ఉంటే, చెక్ చేయకుండా వాడనివ్వదు. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే ప్రోగ్రామింగ్ భాషలో నల్ రెఫరెన్స్ పెట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో అది తన "బిలియన్ డాలర్ల తప్పు" అని ఒప్పుకున్నారు. అందులో మా టీమ్ కట్టాల్సిన వాటా బాగానే తగ్గింది. 2014లో జావా 8తో వచ్చిన ఆప్షనల్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే డబ్బా లాంటిది) కూడా వాడి చూశాం గానీ, ఆ ఆప్షనలే నల్‌గా వచ్చిన రోజు దాని మీద నమ్మకం పోయింది.

అలాగని పూర్తిగా నిశ్చింత కాదు. సర్వర్ నుంచి జేసన్ అనే టెక్స్ట్ రూపంలో వచ్చే డేటాని చదవడానికి జావాలో రాసిన ఒక లైబ్రరీ వాడేవాళ్లం. ఫోన్ నంబర్ ఫీల్డుకి ప్రశ్నార్థకం పెట్టలేదు, ఎప్పుడూ ఉంటుందనుకున్నాం. ఒకరోజు సర్వర్ దాన్ని పంపలేదు. లైబ్రరీ, ఆబ్జెక్ట్‌ని మామూలుగా తయారుచేసే కన్‌స్ట్రక్టర్ జోలికే పోకుండా దొడ్డిదారిన ఆబ్జెక్ట్ కట్టేసి, నల్‌ని అలాగే వదిలేసింది. యాప్ అక్కడ పడిపోలేదు, మూడు స్క్రీన్ల తర్వాత పడిపోయింది. సాయంత్రమంతా తప్పు లేని ఫైల్లో వెతుకుతూ కూర్చున్నాను. ఇప్పుడు బయటి నుంచి వచ్చే ప్రతి ఫీల్డుకీ ప్రశ్నార్థకం పెట్టి, లోపలికి తీసుకునే చోటే తేల్చేస్తున్నాం.

ఇక జంట ఆశ్చర్యార్థకాలు (!!). "నల్ కాదు, పూచీ నాది" అని కంపైలర్ నోరు మూయించడమే అది. రిలీజ్ టెన్షన్‌లో ఇవి పుట్టగొడుగుల్లా మొలుస్తాయి. పక్కన కారణం రాయమంటాను. "ఇక్కడ నల్ రాదు" అని రాస్తే వెనక్కి పంపుతాను. "లాగిన్ చెక్ దాటాకే ఈ ఫంక్షన్‌కి వస్తాం" అంటే సరే. కారణం రాయబోయి, అది నిజం కాదని తెలిసి వాళ్లే తీసేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

పేర్ల విషయంలో మాత్రం ఈ భాష కొంచెం చెడగొట్టింది కూడా. లెట్ అనేది ఒక విలువని చిన్న కోడ్ ముక్కకి అందిస్తుంది; మనం పేరు పెట్టకపోతే లోపల దాని పేరు "ఇట్". లెట్ లోపల లెట్, అన్నిట్లోనూ "ఇట్". లోపలి ఇట్ బయటిదాన్ని కప్పేస్తుంది. ఏది ఆర్డరో ఏది కస్టమరో రాసినవాళ్లకే గుర్తుండదు. రెండో లెట్ కనబడగానే పేరు పెట్టమంటున్నాను.

మళ్లీ జావాకి వెళ్తావా అంటే వెళ్లను. రెండు పాత మాడ్యూళ్లు మాత్రం ఇంకా జావాలోనే ఉన్నాయి. వాటి రివ్యూ వచ్చిందంటే మళ్లీ అదే కామెంటు: "ఇది నల్ అయితే?"