సోవియటీకరణా, కమ్యూనిస్టీకరణా, సామ్యవాదీకరణా: ఏది మేలు?

ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపు ఉన్న మా సిరొంచలో బడి చదువు మరాఠీలో, ఇంట్లో మాట తెలుగులో. చరిత్ర చదువుతున్న మా మేనకోడలు మొన్న నోటు పుస్తకం తెచ్చి, "మామయ్యా, ఒక దేశం మీద కమ్యూనిస్టు వ్యవస్థను రుద్దడాన్ని ఒక్క మాటలో ఏమనాలి?" అని అడిగింది. తనకు తోచిన మాట అప్పటికే రాసుకుంది: సామ్యవాదీకరణ. మరాఠీ మాటకు తెలుగు లిపి తొడిగిందన్నమాట.

తిరకాసు అక్కడే ఉంది. మేనకోడలి పాత బడి పుస్తకాన్నీ, ప్రాణహిత అవతల తెలంగాణలో ఉండే బంధువుల పిల్లవాడి తెలుగు పుస్తకాన్నీ రాజ్యాంగ ప్రవేశిక ఉన్న పేజీ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టాను. 1976లో 42వ సవరణతో చేరిన 'సోషలిస్ట్' అన్న మాట మరాఠీలో 'సమాజవాదీ', తెలుగులో 'సామ్యవాద'. మరాఠీవాళ్లకు సామ్యవాదమంటే కమ్యూనిజమే. కాబట్టి సామ్యవాదీకరణ అని రాస్తే ఇవతలి ఒడ్డున స్టాలిన్ గుర్తొస్తాడు, అవతలి ఒడ్డున 1969 నాటి బ్యాంకుల జాతీయీకరణ గుర్తొస్తుంది. నది దాటితే అర్థం మారే మాట మా బోటి సరిహద్దువాళ్లకు పనికిరాదు. దాన్ని కొట్టేయించాను.

సోవియటీకరణ గట్టి మాట. ఎవరు రుద్దారో అందులోనే తెలుస్తుంది. 1921లో ఎర్రసైన్యం జార్జియాలోకి నడిచినా, 1940లో ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలను సోవియట్ యూనియన్‌లో కలుపుకున్నా ఈ మాట అచ్చంగా అతుకుతుంది. రష్యన్‌లో 'సోవియట్' అంటే సలహా, సభ. నలుగురూ కూర్చుని మాట్లాడుకోవడానికి పెట్టిన పేరు ఎవరినీ అడగకుండా చేసే పనికి పేరైంది! అయితే ఇది అన్నిచోట్లా చెల్లదు. యుగోస్లావియాలో కమ్యూనిస్టు పాలన వచ్చింది, కానీ 1948లో దాని నేత టిటోకూ మాస్కోకూ తెగతెంపులయ్యాయి. 1949 నాటి చైనా కథ కూడా వేరు.

అలాంటిచోట కమ్యూనిస్టీకరణ నయం. నోరు తిరగదు, నిజమే. కానీ ఎవరికైనా అర్థమవుతుంది. భూములనూ పశువులనూ ఉమ్మడి చేయడం గురించే అయితే అదీ వద్దు, సమష్టీకరణ అనాలి. 1929 నుంచి రష్యా పల్లెల్లో జరిగింది అదే. బోల్షివీకరణ అనే ఇంకో మాట ఉంది కానీ, దాన్ని 1924లో కొమింటర్న్ (మాస్కో నుంచి నడిచిన అంతర్జాతీయ కమ్యూనిస్టు సంస్థ) తన సభ్య పార్టీలను రష్యా బోల్షివిక్ పార్టీ తీరులో మలచుకోవడానికి వాడింది, అది దేశాల సంగతి కాదు.

ఇంకో చిక్కుంది. '-ఈకరణ' అంటే అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం, అంతే. విద్యుదీకరణలోనూ అదే ఉంది, అక్కడ ఎవరూ ఏడవలేదు. బలవంతం వినపడాలంటే క్రియ కావాలి. నన్నడిగితే వాక్యంలో 'రుద్దారు' అని రాసి, శీర్షికలో మాత్రం -ఈకరణ వాడుకోవాలి. తెలుగులో రుద్దడానికి ఉన్న పదును సంస్కృత ప్రత్యయానికి రాదు.

అమ్మాయి కాసేపు కలం కొరికి, "1948 ఫిబ్రవరిలో చెకొస్లొవేకియా కమ్యూనిస్టులు అధికారమంతా చేజిక్కించుకుని, దేశం మీద సోవియట్ తరహా వ్యవస్థను రుద్దారు" అని రాసింది. పైన శీర్షికగా సోవియటీకరణ అని పెట్టింది. సామ్యవాదీకరణను మాత్రం మరాఠీ నోట్సులో ఉండనిచ్చింది. అక్కడ అది ఒప్పే కదా!