మైడాస్ ఎం32: పేరుకెంత, పనికెంత

బెజవాడ, గుంటూరు సౌండ్ సర్వీసుల్లో డిజిటల్ బోర్డు (మైకులన్నిటినీ కలిపే మిక్సర్) కొనే మాట వస్తే చివరికి తేలాల్సింది ఒక్కటే. బెరింజర్ ఎక్స్32తో సరిపెట్టుకోవాలా, ఇంకాస్త పెట్టి మైడాస్ ఎం32 తెచ్చుకోవాలా?

మైడాస్ 1970ల మొదట్లో లండన్‌లో జెఫ్ బయర్స్, చార్లెస్ బ్రూక్ పెట్టిన కంపెనీ. పెద్ద కచేరీల అనలాగ్ బోర్డులతో, ముఖ్యంగా ప్రీయాంపులతో (మైకు సిగ్నల్ని పెంచే సర్క్యూట్లు) పేరు తెచ్చుకుంది. మొదటి డిజిటల్ బోర్డు ఎక్స్‌ఎల్8 2006లో వచ్చింది. ఆ ఏడాదే మాతృసంస్థ టెలెక్స్‌ను బాష్ కొనేసింది. 2009 చివర్లో బాష్ దగ్గర్నుంచి మైడాస్‌ను బెరింజర్ వాళ్ల మ్యూజిక్ గ్రూపు తీసుకుంది. 2012లో ఎక్స్32, 2014లో ఎం32. రెండిటి మెదడూ ఒకటే: 32 మైక్ ఇన్‌పుట్లు, 16 మిక్స్ బస్సులు (మానిటర్ల లాంటి వాటికి వేరుగా మిక్స్ పంపే దారులు), 8 ఎఫెక్టులు, 25 మోటార్ ఫేడర్లు (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు). శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది. ఒకదాని సీన్లు (దాచుకున్న సెట్టింగులు) రెండోదాంట్లో చాలావరకు తెరుచుకుంటాయి. అదనపు డబ్బంతా ప్రీయాంపులకు, ఫేడర్లకు, బాడీకి. ఎం32 ఫేడర్లు 10 లక్షల సార్లు తిరుగుతాయని కంపెనీ చెబుతుంది. రోజూ అద్దెకు తిరిగే బోర్డుకు అది లెక్కలోకి వచ్చే విషయమే. ఒకే హాల్లో బిగించి ఉంచేదైతే మాత్రం ఎక్స్32 చాలు.

ఏ ప్రీయాంపైనా గెయిన్ (మైకు సిగ్నల్ని ఎంత పెంచాలనే మోతాదు) తప్పుగా పెడితే కాపాడదు. పెళ్లిలో నాదస్వరం, డోలు గెయిన్ మామూలు వాయింపుకు సరిచూసుకుని వదిలేస్తారు. మాంగల్యధారణ వేళ గట్టిమేళం అందుకోగానే ఎర్ర లైటు వెలిగి శబ్దం చిట్లిపోతుంది. ముందే మేళం వాళ్లను గట్టిగా ఒకసారి వాయించమని, అప్పుడు పీక్ మైనస్ 6 డీబీ దాటకుండా పెట్టాలి. ఒకే ప్రీయాంపు మానిటర్లకూ వెళ్తుంది కాబట్టి నడి ప్రోగ్రాంలో గెయిన్ కదిపితే అక్కడా మారుతుంది.

బోర్డు నుంచి స్టేజీ మీద మైకులు గుచ్చే డీఎల్16 బాక్సుకు లాగే కేబులు షీల్డ్ ఉన్న క్యాట్5ఈ అయి, రెండు కొసలా లోహపు ఈథర్‌కాన్ గూడుకు షీల్డ్ తగిలి ఉండాలి. మామూలు నెట్ కేబులు పెడితే టపటపలు, మధ్యలో ఆడియో ఆగిపోవడం. క్లాక్ (బోర్డు, బాక్సు ఒకే లయలో నడిచే టైమింగ్) బోర్డులో ఇంటర్నల్‌గా ఉంచి, బాక్సు దాన్నే అనుసరించేలా చేయాలి.

మన దగ్గర బోర్డుల్ని చంపేది కరెంటే. పందిరి వైరింగ్‌లో న్యూట్రల్ ఊడితే లైనులోకి 400 వోల్టుల దాకా వస్తుంది. 100–240కి చేసిన పవర్ సప్లై దాన్ని తట్టుకోదు. బోర్డు తినేది 120 వాట్లే. 1 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ పెడితే జనరేటర్ మార్పిడిలో రీబూట్ బాధ కూడా తప్పుతుంది. కానీ న్యూట్రల్ ఊడిన వోల్టేజీని ఆపడం దాని పని కాదు, ముందర ఓవర్‌వోల్టేజ్ కట్ఆఫ్ ఉండాల్సిందే. ఆపేటప్పుడు షట్‌డౌన్ కొట్టకుండా స్విచ్ లాగేస్తే చివరి నిమిషాల్లో చేసిన మార్పులు పోతాయి.

ఎం32 లైవ్ మోడల్లో ఎస్‌డీ కార్డు మీద 32 ట్రాకులు రికార్డవుతాయి. 32 జీబీ కార్డు గంటన్నర కూడా రాదు, రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టుకుని మొదలెట్టండి.

సెకండ్ హ్యాండ్ ఎక్స్32 దొరికితే ఫేడర్ బ్యాంకులు (అవే ఫేడర్లను వేరే చానళ్లకు మార్చే బటన్లు) మార్చి చూడండి. ఏ ఫేడరైనా మధ్యలో వణికితే లేదా చివరిదాకా పోకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించుకోండి.