మామూలు మిషన్‌కు డార్నింగ్ ఫుట్: ఆరు నెలలు వాడిన తరువాత

ఎంబ్రాయిడరీ కోసం ప్రత్యేకంగా కంప్యూటర్ మిషన్ కొనే ఉద్దేశం లేక, ఇంట్లో ఉన్న మామూలు జిగ్‌జాగ్ మిషన్‌మీదే బట్టను చేత్తో తిప్పుకుంటూ పూలూ తీగలూ కుట్టవచ్చునేమో చూద్దామని, స్ప్రింగు ఉన్న డార్నింగ్ ఫుట్ ఒకటి కొన్నాను. దీన్నే కొందరు ఫ్రీ మోషన్ ఫుట్ అనీ, కొందరు ఎంబ్రాయిడరీ ఫుట్ అనీ అంటారు. ఆరు నెలల వాడకం తరువాత చెబుతున్నాను: వస్తువు మంచిదే, కానీ ప్యాకెట్ విప్పి బిగించిన రోజున ఆ సంగతి నాకు తెలియలేదు. రెండు చోట్ల నా చేతులతో సరిచేసుకున్న తరువాతే తెలిసింది.

మామూలు కుట్టులో బట్టను జరిపే పని సూది కింద పలకలోంచి పైకి లేచే పళ్ళది; ఫుట్ బట్టను ఆ పళ్ళకు అదిమి పెడుతుంది. ఫ్రీ మోషన్‌లో ఆ పళ్ళను కిందికి దించేస్తాం, దించే సౌకర్యం లేని మిషన్లలో మూతపలకతో కప్పేస్తాం. ఇక బట్ట ఎటు కదలాలో, ఎంత కదలాలో నిర్ణయించేవి మన చేతులే. అలాంటప్పుడు ఫుట్‌తో పనేమిటన్న సందేహం నాకూ కలిగింది. దాని అవసరం సూది దిగేటప్పుడు కంటే లేచేటప్పుడే ఎక్కువ. సూది అడుగు దాకా దిగి, మళ్ళీ రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా లేచేసరికి దాని వెనుక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. కింది దారం చుట్టి ఉండే బాబిన్ చుట్టూ తిరిగే కొక్కెం ఆ ఉచ్చును అందుకుంటేనే కుట్టు పడుతుంది. సూదితోపాటు బట్ట కూడా పైకి వచ్చేస్తే ఉచ్చు ఏర్పడదు, కుట్టు తప్పిపోతుంది. డార్నింగ్ ఫుట్ ఆ క్షణంలో బట్టను కిందికి పట్టి ఉంచుతుంది. దాని పక్కనున్న సన్నని కడ్డీ సూదిని బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది; సూది బాగా పైకి లేచినప్పుడు ఆ స్క్రూ కడ్డీని ఎత్తుతుంది, కడ్డీతోపాటు ఫుట్ కూడా లేస్తుంది, ఆ సందులోనే మనం బట్టను జరుపుకోవాలి. సూది దిగగానే స్ప్రింగు ఫుట్‌ను మళ్ళీ బట్టమీదికి నెడుతుంది. ఇంత చిన్న వస్తువులో ఇంత చక్కటి ఏర్పాటు ఉన్నందుకు తయారుచేసినవారిని మెచ్చుకోవలసిందే.

కొనేముందు కొలత చూసుకోవడం తప్పనిసరి. ఫుట్‌ను కిందికి దించి, పలకనుంచి ఫుట్ బిగించే స్క్రూ మధ్యభాగం వరకు కొలిస్తే సుమారు అర అంగుళం వచ్చిన మిషన్‌ను లో షాంక్ (పొట్టి కాడ) అనీ, సుమారు అంగుళం వచ్చినదాన్ని హై షాంక్ (పొడుగు కాడ) అనీ అంటారు. ఏటవాలు షాంక్ ఉన్న పాత మిషన్లకు ఈ రెండూ పనికిరావు. నాది లో షాంక్ కాబట్టి ఇబ్బంది కలగలేదు. మామూలు ఫుట్ ఒక్కదాన్నే ఊడదీస్తే చాలదు, అది తగిలించే పట్టును కూడా విప్పి, ఈ ఫుట్‌ను నేరుగా మిషన్‌కున్న నిలువు కడ్డీకి బిగించాలి. వేళ్ళతో బిగించి ఊరుకోకూడదు. ఈ ఫుట్ క్షణక్షణమూ ఎగిరిపడుతుంటుంది కనుక స్క్రూ త్వరగా వదులవుతుంది. మూడో రోజునో నాలుగో రోజునో నాకు అలాగే వదులై, ఫుట్ పక్కకు ఒరిగి, సూది దాని అంచుకు తగిలి రెండు ముక్కలైంది. అప్పటినుంచి స్క్రూడ్రైవర్‌ను మిషన్ పక్కనే ఉంచుకుంటున్నాను.

ఇక లోపాల సంగతి. మొదటిది స్ప్రింగు బిగువు. వచ్చినది వచ్చినట్టు బిగిస్తే, బట్టను జరుపుకోవలసిన సమయంలో కూడా ఫుట్ పూర్తిగా పైకి లేవకుండా బట్టను ఒరుసుకుంటూనే ఉంది. రెండు పొరల నూలుబట్టను బిగించిన ఎంబ్రాయిడరీ రింగును తిప్పబోతే బరువైన పెట్టెను నేలమీద ఈడ్చినట్టు అనిపించింది, వంపులన్నీ మూలలయ్యాయి. కడ్డీకి, సూది స్క్రూకు మధ్య సన్నని రబ్బరు బ్యాండును నాలుగు చుట్లు చుట్టాక కడ్డీ ఆ మందం మేరకు ఎత్తులో నిలిచి, ఫుట్ బట్టను తాకీ తాకనట్టుగా ఆడడం మొదలుపెట్టింది. రూపాయి ఖర్చులేని ఈ సవరణతో పని పూర్తిగా మారిపోయింది. అయితే ఈ ఎత్తును తయారీలోనే సర్దుకునే వీలు కల్పించి ఉండవలసింది. వేరువేరు మందాల బట్టలు కుట్టేవారికి అది చిన్న విషయం కాదు.

రెండో లోపం ఫుట్ కొసన సూది దిగే చోట చుట్టూ మూసి ఉన్న వలయం. గీత ఎక్కడుందో కనబడకుండా దాని మీదుగా కుట్టడం సాధ్యం కాదు, కానీ ఈ ప్లాస్టిక్ వలయం సరిగ్గా కళ్ళకు ఎదురుగానే అడ్డం వస్తుంది. పారదర్శకమే అయినా దీపం వెలుగు దానిమీద పడి మెరవడం వల్ల లాభం లేకపోయింది. చివరకు వలయం ముందుభాగాన్ని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి, గోళ్ళ ఆకురాయితో అంచులు నున్నగా అరగదీశాను; గరుకుగా ఉంటే దారం చిక్కుకుంటుంది. నేను మళ్ళీ కొనవలసివస్తే ముందువైపు తెరిచి ఉన్న రకాన్నే, వీలైతే లోహంతో చేసినదాన్నే కొంటాను.

ప్యాకెట్‌లోని కాగితం మాత్రం ఎందుకూ కొరగాదు. బొమ్మలు నాలుగు, మాటలు పది. అందులో చెప్పని ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ ఫుట్ బట్టను అదిమినట్టు కనిపించకపోయినా ఫుట్‌ను ఎత్తి దించే, వెనుకనున్న లివర్‌ను దించితీరాలి. లివర్ ఎత్తి ఉన్నంతసేపూ పైదారాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షన్ పలకలు విడిపోయే ఉంటాయి, దారం పట్టులేకుండా జారిపోతుంది. మొదటిరోజు నేను దించడం మరిచిపోయాను. పైన కుట్టు బాగానే కనబడింది. బట్టను తిప్పి చూస్తే కింద దారమంతా చిక్కుపడి ఉసిరికాయంత ఉండ కట్టి ఉంది, దాన్ని కత్తిరించి తీయడానికే అరగంట పట్టింది.

మిషన్ సర్దుబాటులో కుట్టు పొడవును సున్నాలో పెట్టి, సాధారణంగా 4 లేదా 5 దగ్గర ఉండే పైటెన్షన్‌ను 2 లేదా 3కు తగ్గించాను. పైన 40 నంబరు రేయాన్ దారం, బాబిన్‌లో అంతకంటే సన్నని 60 నంబరు దారం, 75/11 ఎంబ్రాయిడరీ సూది నాకు కుదిరాయి. రింగును చేతి ఎంబ్రాయిడరీకి బిగించినట్టు కాక తలకిందులుగా, బట్ట మిషన్ పలకను ఆనుకుని ఉండేటట్టు బిగించాలి. లోపలి రింగుకు నూలు పట్టీ చుడితే బట్ట జారదు. ఆరు అంగుళాల రింగు హాయిగా తిరుగుతుంది, అంతకంటే పెద్దది తరచు మిషన్ మెడకు తగులుతుంది. వేళ్ళు రింగు అంచుమీదే ఉండాలన్నది ఎంతమాత్రం మరవకూడదు.

ఫుట్ అసలు నాణ్యత తెలిసేది వంపుల్లోనే. నేను ఎక్కువసార్లు కుట్టి చూసినది తీగ చివర సుడితిరిగే నులి. సుడి బయటి చుట్టులో చేతులకు తెలియకుండానే వేగం పెరుగుతుంది. మిషన్ మాత్రం అదే వేగంతో నడుస్తుంది, దానితో కుట్లు పొడవై పైదారం కిందికి లాగబడి, వెనుకవైపు కనురెప్ప వెంట్రుకల్లా చిన్నచిన్న పోగులు వరసగా తేలుతాయి. లోపలి చుట్టుకు వచ్చేసరికి చేతులు తటపటాయిస్తాయి, ఒకేచోట పది కుట్లు పడి దారం గడ్డకట్టి తెగుతుంది. ఇది ఫుట్ తప్పు కాదు. చేతులనూ పెడల్‌నూ కలిపి అలవాటు చేసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. పెడల్‌ను ఒకే నొక్కులో నిలిపి, చేతి వేగాన్ని మాత్రమే మార్చుకోవడం మొదలుపెట్టాక ఆ పోగులు దాదాపు మాయమయ్యాయి. ఇంతకుముందు చేసినట్టు ఫుట్ లేకుండా అదే సుడిని కుట్టి చూస్తే, బట్టను ఎంత బిగించినా మూడు నాలుగు చోట్ల కుట్టు తప్పింది. ఫుట్ ఉన్నప్పుడు ఒక్కటీ తప్పలేదు. డబ్బు పెట్టింది దీనికే కాబట్టి ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

జిగ్‌జాగ్‌లో పెట్టి ఆకులు నింపడం కూడా బాగానే సాగుతుంది, కానీ వలయం లోపలి వెడల్పుకు మించి జిగ్‌జాగ్ పెంచకూడదు. చక్రాన్ని ముందుగా చేత్తో ఒక చుట్టు తిప్పి, సూది రెండు పక్కలా తగలడం లేదని చూసుకోవాలి. పలుచని బట్టకు వెనుక చింపి తీసేసే స్టెబిలైజర్ కాగితం వేయకపోతే నింపిన చోట బట్ట ముడుచుకుపోతుంది.

జరీదారం ఒక్కటే ఈ ఫుట్‌తో నాకు పూర్తిగా లొంగలేదు. సూదికంటిలో ఒరుసుకుని మాటిమాటికీ తెగుతుంటే, దాన్ని బాబిన్‌కు చుట్టి, బట్టను తిరగేసి, వెనుకవైపునుంచి కుట్టాను. జరీ కిందివైపున, అంటే బట్ట ముఖంమీద, నిగనిగలాడుతూ పరచుకుంది. తిరగేసి కుట్టేటప్పుడు బొమ్మను కూడా కుడిఎడమలు మార్చి గీసుకోవాలన్నది అప్పటికి నాకు తట్టలేదు. జేబురుమాలు మూలన అంత ఓపికగా కుట్టిన నా పేరు ఇప్పుడు అద్దంలో మాత్రమే చదవగలిగేటట్టు ఉంది.