ముంగిస బొమ్మ కింద డెడ్‌లైన్: పురాణాలు, జానపద కథల ఆన్‌లైన్ క్లాసు అప్‌డేట్లతో రెండు సెమిస్టర్లు

రెండు సెమిస్టర్ల పాటు పొద్దున లేవగానే నేను మొదట తెరిచింది మా క్లాసు అప్‌డేటే. మొదటి కోర్సు పురాణాల మీద, రెండోది జానపద కథల మీద. టీచరు ఒకరే, పద్ధతీ ఒకటే. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకొకటి వచ్చేది. పైన తారీఖు, ఆ రోజు చేయాల్సిన పని. కింద ఒక బొమ్మ, ఒక కథో సామెతో, తోటి విద్యార్థి రాసిన కథకు లింకు. చివర్లో 'చరిత్రలో ఈ రోజు'. అన్నీ చదివితే అయిదు నిమిషాలు.

అసలు ఇవి ఎందుకంటే, మాకు లైవ్ క్లాసు లేదు, హాజరు లేదు. అలాంటి కోర్సులో రెండో వారానికే మనం చేరిన సంగతి మరిచిపోతాం. ఇంతకు ముందు ఒక కోర్సు నేను అలాగే వదిలేశాను. ఇది వదలలేదు. కారణం చదువు మీద భక్తి కాదు, రేపు ఏ కథ వస్తుందోనన్న ఆశ.

ముంగిస వారం గురించి చెప్పాలి. సోమవారం పంచతంత్రంలోని కథ పెట్టారు: పాము నుంచి పసివాణ్ణి కాపాడిన ముంగిస, దాని మూతికి రక్తం చూసి, బిడ్డను చంపిందనుకుని, కుండ ఎత్తి మీదేసి దాన్ని చంపిన తల్లి. ఇది తెలిసిందేగా అనుకుని దాటేశాను. మంగళవారం అదే కథ పంచతంత్రం ఎనిమిదో శతాబ్దపు అరబ్బీ రూపం 'కలీలా వ దిమ్నా'లో కనిపించింది. అక్కడ చంపింది తండ్రి, కర్రతో. బుధవారానికి ముంగిస కాస్తా వేటకుక్క అయి కూర్చుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో గెలర్ట్ అనే కుక్క, పాము బదులు తోడేలు. మనకు కథ కంచికి వెళ్తుంది, ఇది వేల్స్‌కి వెళ్లింది. గురువారం ఫ్రాన్స్. లియోన్ దగ్గరి పల్లెల్లో ఇలాగే చనిపోయిన గీన్‌ఫోర్ అనే కుక్కను జనం పునీతుడిగా కొలిచి, జబ్బు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లేవారట. 13వ శతాబ్దంలో స్టీఫెన్ ఆఫ్ బూర్బన్ అనే మతాధికారి దాని ఎముకలు తవ్వించి తగలబెట్టించాడు. జనం మాత్రం మానలేదు. ఈ నాలుగూ ఒకేసారి పాఠంగా ఇచ్చి ఉంటే పరీక్షకు చదివి మరిచిపోయేవాణ్ణి. రోజుకొకటి రావడంతో మధ్యలో నాకూ ఆలోచించుకునే టైం దొరికింది: చంపిన చేయి ఎందుకు మారింది, పాము ఎందుకు తోడేలైంది అని.

ఇప్పుడు కోపం సంగతి. అదే వారం ప్రాజెక్టు డెడ్‌లైన్ రెండు రోజులు ముందుకు జరిగింది. ఆ ముక్క పైన 'ఈ రోజు పని' దగ్గర లేదు. ముంగిస బొమ్మ కింద, మూడో పేరాలో, ఒక్క వాక్యంలో ఉంది. నేను బొమ్మ చూసి, కథ చదివి, లింకు నొక్కి వెళ్లిపోయాను. పది పాయింట్లు పోయాయి. మెయిల్ పెడితే 'అప్‌డేట్‌లో రాశాం కదా' అని జవాబు. రాశారు, నిజమే. కానీ గోరంత కబురును కొండంత కథ కింద దాచిపెడితే ఎవరికి కనపడుతుంది? నేను చెబితే మారిందో లేదో గానీ రెండో సెమిస్టర్‌లో మాత్రం గడువులు ఎర్ర అక్షరాల్లో పైనే ఉన్నాయి.

కథల పక్కన 178ఏ, 510ఏ అని నంబర్లు వేసేవారు. మొదట్లో బస్సు నంబర్లలా ఉండేవి. ఆర్నె అనే జానపద పరిశోధకుడు 1910లో మొదలుపెట్టి, తర్వాత థామ్సన్ పెంచి, 2004లో ఊథర్ సవరించిన కథల వర్గీకరణ అది, ఒకే రకం కథలకు ఒకే నంబరు అని నాలుగో వారంలో గానీ చెప్పలేదు. మొదటి రోజే ఒక్క లైను రాస్తే సరిపోయేది. అలవాటయ్యాక మాత్రం భలే పనికొచ్చింది. 178ఏ అని వెతికితే చాలు, ముంగిస చుట్టాలన్నీ వరసగా వస్తాయి.

'చరిత్రలో ఈ రోజు' ఎక్కువగా పుట్టినరోజుల జాబితా, దాటేసినా నష్టం లేదు. ఒక్కటి గుర్తుంది. 1872 డిసెంబర్ 3న బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జార్జ్ స్మిత్ లండన్‌లో ప్రాచీన మెసొపొటేమియా మట్టి పలక మీది జలప్రళయం కథను చదివి వినిపించాడని. ఆ రాత్రి కూర్చుని మనువు, చేప కథను దాని పక్కన పెట్టి చదివాను.

తోటివాళ్ల కథల లింకులు మొదట నేను ముట్టుకోలేదు. ఒకరోజు నాదే వచ్చింది, ముంగిస తన నోటితో చెప్పుకునే కథ. సాయంత్రానికి నలుగురు కామెంట్ పెట్టారు. అందులో ఒకరు 'పాము వైపు నుంచి కూడా రాయండి' అన్నారు. మర్నాటి నుంచి అందరివీ చదివాను, మొహమాటానికైనా సరే.

పెద్ద లోపం ఇంకోటి: పాత అప్‌డేట్లలో వెతకడానికి దారి లేదు. వెనక్కి స్క్రోల్ చేసుకుంటూ పోవాల్సిందే. సెమిస్టర్ అయిన నెలకు పేజీ కూడా మూసేస్తారు. చేరేవాళ్లు నచ్చినవి ఎప్పటికప్పుడు కాపీ చేసుకోండి, లింకు కాదు, మొత్తం కథే. నేను గీన్‌ఫోర్‌ది లింకు మాత్రమే దాచుకున్నాను. నిన్న నొక్కితే పేజీ లేదంది.