నెమ్మదిగా తిరిగే షాఫ్టుకు ఆర్‌పీఎం మీటర్ కొనేవారికి హెచ్చరిక

మిర్యాలగూడ ప్రాంతంలోని మా రైస్ మిల్లులో వడ్లను పైకెత్తే ఎలివేటర్ గత సీజన్‌లో రెండుసార్లు బెల్టు జారి, అడుగున ఉండే తొట్టి (బూటు) నిండా వడ్లు కూరుకుపోయి ఆగిపోయింది. పై షాఫ్టు వేగం తగ్గగానే అలారం మోగితే సరిపోతుందని భావించి, ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీటరును, లోహం దగ్గరకు వస్తే తాకకుండానే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సరుతో కలిపి, 2,850 రూపాయలకు కొన్నాను. 0 నుంచి 9999 వరకు కొలుస్తుందనీ, తేడా 0.05 శాతానికి మించదనీ అమ్మకందారు ప్రకటనలో రాశాడు. నేను మోసపోయింది ఆ శాతాన్ని చూసే.

మా షాఫ్టు నిమిషానికి 90 చుట్లు తిరగాలి. పుల్లీ మీద ఒక బోల్టు బిగించి, దాని ఎదురుగా సెన్సరు అమర్చి, వేగం 80 కంటే తగ్గితే అలారం మోగేలా పెట్టాము. మీటరు మాత్రం ఒకసారి 60, మరుక్షణం 120, మళ్లీ 60 చూపుతూ పోయింది. 60 చూపిన ప్రతిసారీ అలారం మోగింది. సెన్సరు వదులైందేమోనని బిగించాము, వైర్లు మార్చాము, బోల్టుకూ సెన్సరుకూ మధ్య ఖాళీని 3 మిల్లీమీటర్లకు తగ్గించాము, ఫలితం లేదు. చివరికి పుల్లీ మీద సుద్దతో గీత గీసి, ఫోనులోని స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కపెడితే 30 సెకన్లలో 45 చుట్లు వచ్చాయి. షాఫ్టులో ఏ దోషమూ లేదు.

దోషం మీటరు కొలిచే పద్ధతిలో ఉంది. బోల్టు ఎదురైన ప్రతిసారీ సెన్సరు ఒక సంకేతం (పల్సు) పంపుతుంది. మీటరు ఒక సెకను పాటు ఆ పల్సులను లెక్కించి, ఆ సంఖ్యను 60తో గుణించి చూపుతుంది. మా షాఫ్టు సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరుగుతుంది కాబట్టి ఒక సెకనులో ఒక పల్సు, మరో సెకనులో రెండు పల్సులు అందుతాయి. 90 అనే అంకె ఆ మీటరు తెర మీద ఎన్నటికీ కనిపించదు. 0.05 శాతం అన్నది లోపలి గడియారానికి వర్తిస్తుందేమో గానీ, చూపే వేగానికి కాదు. వేగంగా తిరిగే మోటార్లకైనా ఇది అంతంతమాత్రమే: నాలుగు అయస్కాంత ధ్రువాల (పోల్స్) మోటారు 50 హెర్ట్జ్ కరెంటు మీద ఖాళీగా దాదాపు 1500, పూర్తి లోడుతో సుమారు 1440 తిరుగుతుంది, ఈ రెంటికీ మధ్య మీటరు చూపగలిగే తేడా ఒకే ఒక్క మెట్టు.

రోజంతా మోగే అలారాన్ని భరించలేక మా మిల్లు యంత్రాలు నడిపే డ్రైవర్ దాని తీగ ఊడదీశాడు. అతన్ని తప్పుపట్టలేను. పది రోజుల తరువాత బెల్టు మళ్లీ జారింది, బూటు మళ్లీ నిండింది, హమాలీలకు దాన్ని ఖాళీ చేయడానికి సగం రోజు పట్టింది.

మధ్యలో ఒక ఎలక్ట్రీషియన్ చేతిలో పట్టుకుని, కాంతితో వేగం కొలిచే లేజర్ టాకోమీటర్ తెచ్చి, మెరిసే షాఫ్టుకు గురిపెట్టి 6000 అని తేల్చాడు. పైన వెలుగుతున్న పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది, అంటే నిమిషానికి 6000 సార్లు. పరికరం కొలిచింది దాన్నే. షాఫ్టుకు నల్ల రంగు పూసి, ఒకే ఒక మెరుపు టేపు ముక్క అతికించి, దీపం వెలుగు పడకుండా చూస్తే అదే పరికరం 90 చూపింది. అప్పుడప్పుడు సరిచూసుకోవడానికి అది మంచిదే గానీ, ఊక దుమ్ములో శాశ్వతంగా బిగించడానికి పనికిరాదు.

కాబట్టి డబ్బు చెల్లించే ముందు అమ్మకందారును అడగవలసింది ఖచ్చితత్వపు శాతం కాదు. మీటరు పల్సులను లెక్కిస్తుందా, లేక రెండు పల్సుల మధ్య కాలాన్ని కొలుస్తుందా అని అడగండి. రెండో రకమైతే నెమ్మదిగా తిరిగే షాఫ్టుకు ఒక్క బోల్టు చాలు. మొదటి రకమైతే చుట్టుకు ఎన్ని పల్సులో నమోదు చేసే వీలుండాలి. 60 పళ్ల చక్రం పెడితే సెకనుకు వచ్చే పల్సుల సంఖ్యే నేరుగా ఆర్‌పీఎం అవుతుంది. మేము ఆరు బోల్టులు బిగించి చూశాము. ఆ వీలు లేని మా మీటరు 90కి ఆరు రెట్లుగా 540 చూపింది. కాలాన్ని కొలిచే మీటరు విషయంలో మరొక ప్రశ్న కూడా తప్పనిసరి: షాఫ్టు పూర్తిగా ఆగితే తరువాతి పల్సు రాదు గనుక, ఎన్ని సెకన్లకు సున్నా చూపుతుంది? పాత అంకెనే పట్టుకుని కూర్చునే మీటరు అలారానికి పనికిరాదు.

బిగించిన వస్తువును వాపసు తీసుకోబోమని అమ్మకందారు చెప్పడంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఇంకా పరిష్కారం రాలేదు. ఆ ప్రకటనలో 0.05 శాతం నేటికీ అలాగే ఉంది.